నలగని పక్క

"ఓడ మీదికా? నువ్వా? అక్కడేముందని?" అన్నాడు మొగుడు ఫోన్లో. అత్తగారి దుప్పటి పిండుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకున్న ఆమె ఆ గొంతులో తొట్రుపాటు అప్పుడే పట్టేసింది. ఆయన పనిచేసే పెద్ద విహారనౌక మొదటిసారి సొంత ఊరి రేవులో ఒక పగలంతా ఆగుతోంది. సిబ్బంది తమవాళ్ళను ఎక్కించి చూపించుకోవచ్చట. ఆ మాట ఆయన నోట రాలేదు, ఇంకెవరో చెబితే తెలిసింది. పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి ఇంత గింజుకుంటున్నాడంటే దాచాల్సింది ఏదో ఉండే ఉంటుంది. పట్టుబట్టి ఒప్పించింది.

"ఇప్పుడు నీకా షికారెందుకే? నా పక్క ఎవరు మారుస్తారు?" అని అత్తగారు సణిగింది. తుంటి విరిగి ఆవిడ మంచాన పడి ఏడాది దాటింది. ఒక చేత్తో ఆవిణ్ణి ఒత్తిగిల్లజేసి, ఇంకో చేత్తో దుప్పటి లాగీ లాగీ ఈమె నడుము పడిపోయింది. కొడుకు సెలవుకొచ్చి రెండు నెలలున్నా, వాడు ఆఫీసరు, వాడికివన్నీ ఏం తెలుసంటుంది ఆవిడ. ఆయనా అంతే. ఈమె జ్వరంతో లేవలేని రోజున గుమ్మంలో నిలబడి, నాకు చేతకాదే, పక్కింటావిణ్ణి పిలవనా అన్నాడు. పాపం, చేతకాదు కాబోలు అనుకుంది పిచ్చిది.

అత్తగారిని పక్కింటావిడకి అప్పజెప్పి బయల్దేరింది. ఓడ మెట్ల దగ్గర కాపలావాడు ఆమె గుర్తింపు కార్డు ఉంచుకుని, మెడలో సందర్శకుల బిళ్ళ వేసి, మీ ఆయన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దన్నాడు. వెళ్ళనిస్తే కదా! ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని తరిమినట్టే నడిపించాడు. ఈత కొలను, నాటకాల హాలు, అద్దాల లిఫ్టు అన్నీ చూపించాడు గానీ, ప్రయాణికుల గదుల వరస వచ్చేసరికి అటొద్దన్నాడు. సరిగ్గా అక్కడే యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి ఆయన్ని చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. ఆయన తల దించుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మరి.

ఆయన గది ఓడ అట్టడుగున ఉంది. కిటికీ లేని ఇరుకు గదిలో కిందొకటీ పైనొకటీ రెండు మంచాలు. కిందిది తనదన్నాడు. ఆమె వంగి చూసింది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. దాని మూలలు పొందిగ్గా మడిచి పరుపు కిందికి దోపి ఉన్నాయి. చొక్కాలు ఇస్త్రీ చేసి తగిలించి ఉన్నాయి. ఒకదానికి ఊడిన బొత్తాన్ని అదే రంగు దారంతో కుట్టారు. పదిహేనేళ్ళుగా ఆయన విడిచిన బట్టలు ఏరుతున్న మనిషికి తెలియదా? ఇది మగాడి చేతి పని కాదు. ఎవత్తో ఉంది, అదీ మంచి పనిమంతురాలు. ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే దిండు ఎత్తి వెంట్రుక కోసం వెతికింది. పరుపు కింద చెయ్యి పెట్టి చూసింది. ఏమీ దొరకలేదు. ఆనవాలు కూడా మిగల్చని రకం అన్నమాట అని ఇంకా కుతకుతలాడింది.

అంతలో పైనుంచి ఆయనకు పిలుపొచ్చింది. అదే గదిలో ఉండే వంటాయన్ని ఆమెకు తోడుంచి వెళ్ళాడు. మాటల్లో మాటగా, మా ఆయన బట్టలూ అవీ ఎవరు చూస్తారన్నయ్యా అని అడిగింది.

వంటాయన నవ్వాడు. "ఎవరివి వాళ్ళే చెల్లెమ్మా. అయినా మీ ఆయనకి ఒకరు చెయ్యాలా? ప్రయాణికుల గదులు ఊడ్చి, బాత్రూములు కడిగి, పక్కలు వేసేదే ఆయన. కొత్త పిల్లలకి నేర్పేదీ ఆయనే, అందరూ గురువుగారంటారు. మొన్నొక ముసలావిడ మంచం దిగలేకపోతే, లేపకుండానే, నొప్పి తెలియకుండా దుప్పటి మార్చాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందమ్మా."

ఆమె ఆ నలగని పక్క మీదే కూలబడింది. ఎవత్తో ఉన్నా బాగుండేది. సవతైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు. చేతకాదన్న చేతుల్ని ఏమని అడగాలి? తను జ్వరంతో పడి ఉన్ననాడు కూడా ఆ చేతులకు అన్నీ వచ్చు. ఇంట్లో కన్నతల్లి మూలుగుతున్నప్పుడూ వచ్చు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన తిరిగొచ్చి, ఆమె మొహం చూసి, వంటాయన మొహం చూసి, సంగతి గ్రహించాడు. ఇంతలో సందర్శకులు దిగాలని మైకులో చెప్పారు. మెట్ల దాకా వచ్చాక ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "అమ్మకి చెప్పకే. ఆఫీసరనుకుంటోంది. ఆడాళ్ళ పని చేస్తున్నానని తెలిస్తే కుమిలిపోతుంది."

ఆమె మెళ్ళో బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేనెందుకు చెప్తానండీ? వచ్చే నెల సెలవుకొస్తారుగా. మీరు దుప్పటి మారుస్తుంటే ఆవిడే చూస్తుంది."