చాంద్‌రీ చేపిన రోజు

చుయ్… చుయ్… చుయ్…

ఇత్తడి చెంబు అడుగున పాలధార తగిలే చప్పుడు. మొదట ఖంగుమంటుంది. చెంబు నిండేకొద్దీ మెత్తబడుతుంది. నురగ మీద నురగ పడుతుంది.

చీకట్లో ఆ చప్పుడే మాకు గడియారం.

చీకటంటే రాత్రి కాదు. పట్టపగలు. బయట వైశాఖపు ఎండకు నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంటే, లోపల మేము — మా అత్తగారు, నేను, మూల కట్టుగొయ్యకు చాంద్‌రీ గేదె, దాని పక్కన దూడ. తలుపుకి బయట తాళం.

తాళం వేసింది సర్కారు కాదు. మేమే వేయించుకున్నాం.

ఆ ఏడు తెల్లవాళ్ళ సర్కారు భూమిశిస్తు పెంచింది. కట్టేది లేదన్నాం. తాపీ నదికి ఇవతల ఏ ఊరిని అడిగినా అదే మాట. మా మామగారు జైల్లో. నా పెనిమిటి ఊరూరా తిరుగుతూ సభల్లో. శిస్తు కట్టని ఇంటి గేదెను జప్తు చేస్తామని సర్కారు చాటింపు వేయించింది. గేదెంటే మాకు ఇంటి మనిషి. మనిషిని ఇచ్చేస్తామా? లోపల పెట్టుకుని తాళం వేయించుకున్నాం. తాళమున్న ఇల్లు పగలగొట్టడానికి లేదు. పొద్దు గూకాక జప్తు చేయడానికి లేదు, కాబట్టి గేదెల్ని వాగుకి తోలేది అప్పుడే. వాళ్ళ చట్టమే… మేం అందులో కాపురం పెట్టాం.

తాళంచెవులన్నీ మోంఘీ ముసలమ్మ బొడ్లో. వీధి అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పేది. జప్తు అమీను వచ్చి ఇళ్ళవాళ్ళేరని గద్దిస్తే —

"పెళ్ళికెళ్ళారు భాయ్."

"ఊరంతానా?"

"ఊరందరికీ ఒకటే చుట్టం మరి. నీకు పిలుపు రాలేదా? అయ్యో పాపం!"

లోపల మేము నోట్లో కొంగులు కుక్కుకునేవాళ్ళం.

నెలలు గడిచాయి. ఎండ తగలక చాంద్‌రీ నలుపు వెలిసింది. మట్టికుండ రంగుకొచ్చింది. మేమూ వెలిశాం.

"తెల్లవాళ్ళతో పోట్లాడుతూ మనమే తెల్లబడ్డామే అమ్మాయ్," అనేది మా అత్తగారు.

ఆవిడ పేరు జీవ్‌కోర్. నేను బా అని, అంటే అమ్మా అని, పిలిచేదాన్ని. ఊళ్ళో ఎవరికీ తలవంచని మనిషి. ఒక్క చాంద్‌రీకి తప్ప.

చాంద్‌రీ చేపాలంటే బా గొంతు వినిపించాలి. ముందు దూడను వదలాలి. దూడ పేరు ఢీంగలి — మా భాషలో బొమ్మ. అది పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మాలి. బా కూనిరాగం తీయాలి. అప్పుడు, అప్పుడు మాత్రమే, పొదుగులోకి పాలు దిగేవి.

పాలు ఎవరూ లాక్కోలేరు. తల్లి చేపాలి.

ఆ రోజు తొట్టిలో నీళ్ళు అడుగంటాయి. చాంద్‌రీ ఎండిన నాలుకతో బా భుజం నాకింది. ఇంకోసారి నాకింది.

పొద్దు ఇంకా తాటితలల మీదే ఉంది.

"తాళం తియ్యి మోంఘీబెన్," అంది బా తలుపు సందులోంచి.

"పొద్దు గూకలేదే ఇంకా."

"దాని గొంతెండిపోతోందే. తియ్యి."

తాళం తెరుచుకుంది. ఆ చప్పుడు విని వీధి వీధంతా తాళాలు తీయించుకుంది. అన్ని గొంతులూ ఎండే ఉన్నాయి మరి. దూడల్ని ఇళ్ళలోనే కట్టేసి, తల్లుల్ని వాగులోకి దింపాం.

పత్తికట్టె మోపుల వెనకనుంచి అమీను మనుషులు లేచారు.

అంతే.

ఊరి గేదెలన్నీ బందెలదొడ్డిలో. ఎల్లుండి వేలం.

"నీ గేదెకి దాహమేస్తే ఊరంతా మునిగింది కదే జీవ్‌కోర్," అంది మోంఘీ ముసలమ్మ. బా ఆ పూట రొట్టె ముట్టలేదు. పొద్దున్నా ముట్టలేదు.

పాలు పితికి చూపిస్తేనే పరాయి ఊరి బేరగాడు వేలంలో పాట పెంచుతాడు. అందుకని తెల్లారగానే ఒక బంట్రోతు చెంబు పట్టుకుని చాంద్‌రీ కింద కూర్చున్నాడు. చెంబు ఒక దిక్కు. బంట్రోతు ఒక దిక్కు. ఇంకొకడు, ముసలివాడు, కూర్చున్నాడు. వాడి తలపాగా పేడలో.

ఒక్క గేదె చేపలేదు.

చేపలేదు కానీ… పొదుగు నిండకుండా ఉంటుందా?

మధ్యాహ్నానికి అరుపులు మొదలయ్యాయి. ఊరి చివరి నుంచి, ఎండలో తేలుతూ. ఒక గొంతు. పది గొంతులు. అన్నిటిలోనూ బాకి ఒక్క గొంతే వినిపిస్తోంది. ఇంకో పూట పాలు నిలిస్తే పొదుగు రాయవుతుంది. రాయైన పొదుగు మళ్ళీ పాలివ్వదు.

అమీను కబురంపాడు. శిస్తు కట్టి గేదెను తోలుకుపొండి. లేదా, వచ్చి పాలు పితికి పొండి.

కడితే ఊళ్ళో మొదట విరిగిన ఇల్లు మాదవుతుంది. పితికితే వేలం మా చేతుల మీదుగా నడుస్తుంది.

బా గోడకు ఆనుకుని కూర్చుంది. కాలికి ఆముదం రాసుకుంది. పెళ్ళినాడు తొడిగిన వెండి కడియం… మెల్లగా, చర్మం ఒరుసుకుంటూ… లాగింది. కడియం ఉన్న చోట చీలమండ పసిపిల్ల చర్మంలా ఉంది.

"నా వల్ల కాదే అమ్మాయ్. కట్టేస్తాను. రేపట్నుంచి ఊళ్ళో ఎవరూ నా మొహం చూడకపోతే పోనీ."

మోంఘీ ముసలమ్మ గడపలో నిలబడింది. "మొగుడు జైల్లో రాళ్ళు కొడుతుంటే నువ్విక్కడ కడియం విప్పుతావా?"

"ఆయన అరవట్లేదుగా మోంఘీబెన్. అది అరుస్తోంది."

ముసలమ్మ గడపలోంచి పక్కకి జరిగింది. మోంఘీ ముసలమ్మ ఎవరికైనా దారి ఇవ్వడం ఆ ఊళ్ళో అదే మొదలు, అదే చివర.

బా లేచింది. గడప దాకా వెళ్ళింది.

గడప పక్కన ఢీంగలి. నిన్నటి నుంచి కడుపులో చుక్క లేదు. బా మోకాలిని కుమ్మింది. కడియం పట్టుకున్న చేతి వేలు అందుకుని చీకింది. లేని పాల కోసం కళ్ళు మూసుకుని చీకింది.

అక్కడ తల్లి అరిచింది.

ఇక్కడ పిల్ల బదులు పలికింది.

బా కడియాన్ని కొంగున ముడేసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ కళ్ళు నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు.

"అమ్మాయ్… తలుగు విప్పు."

విప్పాను.

ఢీంగలి గడప దూకింది. మోంఘీ ముసలమ్మ పరుగెత్తింది — ఆ వయసులో, బొడ్లో తాళంచెవులు గలగలమంటుంటే — ప్రతి ఇంటికీ. "విప్పండే! దూడల్ని విప్పండే!" తలుపులు తెరుచుకున్నాయి. తలుగులు ఊడాయి. దూడలు. దూడలు. వీధి నిండా దూడలు. తోకలు పైకెత్తి, గుట్టలు గుట్టలుగా దుమ్ము రేపుతూ. వెనక మేము. నెలల తర్వాత నడినెత్తి ఎండలో మేము. ముసుగులు ఎప్పుడు జారాయో… ఎవరు చూసుకున్నారు?

దొడ్డికి అడ్డగర్రలు. గేదె దాటలేదు. దూడ దూరిపోతుంది.

దూరిపోయాయి.

"ఆపండి! ఆ దూడల్ని ఆపండి!" అమీను కేక.

"ఏం భాయ్, వాటి మీద శిస్తుందా?" మోంఘీ ముసలమ్మ రొప్పుతూనే అంది. "తల్లి పాలు తాగడానికి కూడా మీ రాజుగారిని అడగాలా? అడిగి రా పో. మేముంటాం."

ఢీంగలి కుమ్మింది. ఒకసారి. రెండుసార్లు. చాంద్‌రీ వణికింది. కర్రల ఇవతల నిలబడి బా కూనిరాగం తీసింది… గొంతు పగిలింది, మళ్ళీ అందుకుంది.

చాంద్‌రీ చేపింది.

దొడ్డి దొడ్డంతా చేపింది. దూడల మూతుల నిండా నురగ. మూతులు పట్టక నేల మీద నురగ. అమీను చెంబులో చుక్క లేదు. నల్లరేగడి తాగింది, మా బిడ్డలు తాగారు.

బా వెనక్కి తిరిగింది. ఇంటి వైపు రెండడుగులు వేసింది.

"ఢీంగలీ… రావే."

దూడ కర్రల కింద నుంచి బయటికి దూరి బా వెంట నడిచింది. దూడ వెంట తల్లి వచ్చి అడ్డగర్రకు రొమ్ము ఆనించింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి.

అడ్డగర్ర జారింది. దానంతటదే జారిందో, తలపాగా కడుక్కుంటున్న ఆ ముసలి బంట్రోతు ఒక చేత్తో జార్చాడో… నేను చూశాను. అయినా చెప్పను.

ఎదురొచ్చే మందకు అడ్డం నిలబడమని వాళ్ళ చట్టంలో ఎక్కడా లేనట్టుంది. అమీను పక్కకి తప్పుకున్నాడు.

పట్టపగలు. ఊరి మధ్య వీధిలోంచి. గేదెలు, గేదెల మధ్య దూడలు, దూడల మధ్య ఆడవాళ్ళం. ఎవరో పాట అందుకున్నారు. పెళ్ళిపాట. మోంఘీ ముసలమ్మ అబద్ధం నిజమైంది — ఊరంతా పెళ్ళికెళ్ళి వస్తున్నట్టే ఉంది.

ఆ వానల్లోనే సర్కారు దిగొచ్చింది. పెంచిన శిస్తు పోయింది. మగవాళ్ళు జైళ్ళ నుంచి వచ్చారు. దండలు, సభలు, ఉపన్యాసాలు. బా ఏ సభకీ వెళ్ళలేదు. పితికే వేళ అనేది.

విప్పిన కడియం మళ్ళీ తొడగలేదు. ఒక కాలికే ఉంచుకుంది. ఎందుకు బా అంటే, "చాంద్‌రీకీ ఒకటి తక్కువేగా," అనేది.

చాంద్‌రీకి ఒక చన్ను రాయైపోయింది.

ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. బార్లా తెరిచిన తలుపు. గడప దాటి లోపలికొచ్చిన ఎండ. ఆ ఎండలో మెల్లమెల్లగా నల్లబడుతున్న చాంద్‌రీ వీపు. కింద బా, మోకాళ్ళ మధ్య ఇత్తడి చెంబు.

చుయ్… చుయ్… చుయ్…

మూడు చన్నులయ్యాక బా చేయి నాలుగోదాని దగ్గర ఒక్క క్షణం ఆగేది.

తల వంచి… ఏదో వింటున్నట్టు.