గంగారాం చెవుల్లో దూది

చెవుల్లో దూది కుక్కుకుని, నాలుగో సాంచామీద, అదే మరమగ్గంమీద, తెగిన పోగును ముడివేస్తున్నాడు గంగారాం. ఆ ముడి వేయడానికి అతని వేళ్లకు కళ్లతో పనిలేదు, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. సన్నటి ఒళ్లు, ముందుకు వంగిన మెడ, కనుబొమలమీద తెల్లటి నూలు నూగు. నలభై సాంచాలు దడదడలాడే ఆ షెడ్డులో సున్నం చల్లిన దిష్టిబొమ్మలా ఉంటాడు.

ఆ చెవుల సంగతి చెప్పి తీరాలి. ఊరికి ఆ చివర కామ్‌రేజ్‌లో చీమ తుమ్మితే ఈ చివర ఆల్థాన్‌లో గంగారాం "చిరంజీవ" అంటాడని తోటివాళ్ల మాట. అది కోతే అనుకోండి. కానీ తెగబోయే పోగు మూలుగు అతనికి దూదిలోంచి కూడా వినబడుతుందన్నది నిజం. ముందు అతని చేయి సాగుతుంది, ఆ తర్వాత పోగు తెగుతుంది.

"నువ్వు చెయ్యి సాపినందుకే తెగుతున్నది కాకా! పోగుల ఉసురు నీకే తగుల్తది!" అని ఏడిపించేవాడు పక్క సాంచా పరమేశ్.

పది రోజుల కిందట ఆ పక్క సాంచాలోంచే, పోగును అటూ ఇటూ మోసే ఇనపమొనల నాడె ఎగిరి పరమేశ్ కుడికన్ను పొడిచింది. అంతకు రెండు రోజుల ముందే ఆ సాంచా దెబ్బలో తేడా పట్టాడు గంగారాం. షెడ్డు యజమాని సేఠ్‌కు చెప్పాడు. "చల్‌నే దో, నడవనీ" అన్నాడు సేఠ్. గంగారాం నోరు మూసుకున్నాడు.

ప్రమాదం జరిగాక చెడిన భాగాన్ని తెల్లారేసరికి మార్పించేశారు. ఇప్పుడా సాంచా కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఇవాళ మధ్యాహ్నం విచారణకు ఆఫీసరు వస్తున్నాడు. పరమేశ్ తాగి నడిపాడని చెప్పమన్నాడు సేఠ్. చెబితే పరమేశ్‌కు వైద్యం ఖర్చు రాదు. చెప్పకపోతే గంగారాంకు సాంచా ఉండదు.

గంగారాంను తినేస్తున్నది ఇదొక్కటే అయితే బాగుండేది. ఆరేళ్లుగా ఆదివారం చర్చి ప్రార్థనకు పోతున్నాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. "దేవునికి నేను గీ పేరుతోనే ఎరుక" అన్నాడు. మొన్న ప్రసంగంలో పాస్టరు చెప్పాడు: మనం ఆడబోయే మాట దేవునికి ముందే తెలుసట. శిష్యుడొకడు తనను మూడుమార్లు ఎరగనంటాడని ప్రభువు ముందుగానే చెప్పాడట. అంతే, గంగారాంకు తిండి సహించడం మానేసింది. తాను అబద్ధమాడతానని ఆయనకు తెలిసి ఉంటే, నిజమెలా చెబుతాడు? చెబితే దేవుని ఎరుకే తప్పయిపోదా?

పొద్దున రొట్టె ముందు కూర్చుని చూస్తుంటే భార్య సమ్మక్క ఊరుకోలేదు.

"ఏందయ్యా, తింటవో తినవో రొట్టెనడుగుతున్నవా?"

"తింటనో లేదో దేవునికి ముందే ఎరుక."

"ఎరుకైతే ఎరుక. నమిలేది ఆయననా, నువ్వా?"

గంగారాం నమల్లేదు. ఆమె అతనికి చెవుల దూది అందిస్తూ, "పోగు తెగుతదని నీకు ముందే ఎరుక గద. మరి నువ్వే తెంపుతున్నవా?" అంది.

"తెంప. గని, ఎరుకుండి గూడ సాంచా బంద్ చెయ్యకపోతి గద సమ్మక్కా. బటన్ జానెడు దూరంల ఉండె."

ఆమె ఆ రొట్టెను మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టింది.

భోజనాల వేళ దాటాక ఆఫీసరు వచ్చాడు, వెనకే సేఠ్. ఆఫీసరు పక్క సాంచా చుట్టూ తిరిగి చూసి, గంగారాం చెవి దగ్గర అరిచి అడిగాడు: సాంచా బాగానే ఉండేదా? గంగారాం తల ఊపాడు. పరమేశ్ తాగి ఉన్నాడా? మళ్లీ తల ఊగింది. మెడ తనది కానట్టే ఊగింది.

రెండు అబద్ధాలయ్యాయి. ఆఫీసరు కాగితంమీద కలం పెట్టి మూడోసారి అడిగాడు: "పక్కానా?"

ఆ క్షణాన మూలుగు వినబడింది గంగారాంకు. పోగుదేననుకుని అలవాటుగా చేయి చాచాడు. పడుగులో పోగులన్నీ బాగానే ఉన్నాయి; మూలిగింది తన లోపలే. చాచిన చేతిని చూసుకున్నాడు. తెంపడానికి కాదు, ముడివేయడానికే గదా ఇన్నేళ్లూ అది ముందుగా సాగింది. దేవుడూ అట్లాగే చేయి చాచి ఉన్నాడేమో.

చెవుల్లోంచి దూది తీసి సాంచా చట్రంమీద పెట్టాడు. అతని హిందీని మన మాటల్లో చెబితే ఇదీ:

"సాబ్, ముందు తప్పు చెప్పిన. పరమేశ్ తాగలే. సాంచా ఖరాబుండె. రెండు దినాల ముందే సేఠ్‌కు చెప్పిన. బంద్ చెయ్యాల్సినోన్ని నేను గూడ. చెయ్యలే."

ఆఫీసరు రాసుకున్నాడు. ఆయన గేటు దాటేదాకా ఆగి, సేఠ్ గడ్డంతో అదే గేటు చూపించాడు. గంగారాం టిఫిన్ డబ్బా తీసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు. సమ్మక్క మెచ్చుకుంటుందో, తిడుతుందో. రేపు ఏ షెడ్డు మెట్టెక్కాలో. ఎండలోకి దిగాడు, వెనక్కి చూడలేదు.

కాసేపటికి నాలుగో సాంచామీద ఒక పోగు తెగింది, ఎవరూ చేయి చాపకుండానే. చట్రంమీద రెండు దూది ఉండలు, చెవి గుంటల అచ్చుతో, ఆ దడదడకు అదురుతూ కొంచెం కొంచెంగా అంచువైపు జరుగుతున్నాయి.