గుచ్చుడు బాబాయి అనుమానం

గోదాములో ఆయన్ని అందరూ గుచ్చుడు బాబాయి అంటారు. బస్తా దిగితే చాలు, ఇనప గొట్టం కసుక్కున దింపి లోపలి ధాన్యం అరచేతిలోకి తీసి చూస్తాడు. అదీ ఒక్క చోట కాదు, పైన, నడుమ, అడుగున. లారీవాళ్ళు ఎంత సణిగినా మూడు పోట్లు పడందే బస్తా గుమ్మం దాటదు.

అలాంటి మనిషి భార్యకు మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. రెండు నెలలైనా తగ్గలేదు. ఆస్పత్రిలో సన్న సూదితో గుచ్చి పరీక్ష చేశారు. క్యాన్సర్ కణాలేవీ కనబడలేదని కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని మడిచి అద్దం వెనక పెట్టి, కూనిరాగాలు తీస్తూ ఇల్లంతా తిరిగింది. బాబాయికి మాత్రం ముద్ద దిగలేదు.

"ఎన్ని చోట్ల గుచ్చారు?" అన్నాడు.

"ఒక్కచోటే. నేనేమన్నా మీ బస్తానా?"

"గడ్డ అలాగే ఉందిగా మరి."

"లేదని రాసిస్తే సంతోషించక, ఉందనిపించేదాకా నిద్రపోరా మీరు?"

ఆ మాట ఆయనకు చివుక్కుమంది. రెండు రోజులు గోదాములో బస్తాల మధ్యే గడిపాడు. కానీ పనిలో చేరిన కొత్తలో తొందరపడి ఒక్క పోటుతో వదిలేసిన బస్తా, దాని అడుగున ముక్కిపోయిన ధాన్యం కళ్ళముందు ఆడుతూనే ఉన్నాయి. మూడోనాడు బతిమాలుకున్నాడు. "నా కోసం రా. డాక్టరమ్మ ఫర్వాలేదంటే మళ్ళీ ఆ ఊసెత్తను."

డాక్టరమ్మ విసుక్కోలేదు. "సూదికి దొరికితే ఉందని గట్టిగా చెప్పగలం. దొరకనంత మాత్రాన లేదని చెప్పలేం. గడ్డ తగ్గలేదని నేనే మిమ్మల్ని మళ్ళీ పిలవాల్సింది. మొత్తం తీసి చూద్దాం."

తీశారు. వారం తర్వాత ఫలితం వచ్చింది. ఉంది. మొదట్లోనే దొరికిందనీ, మందులకు లొంగే రకమేననీ డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

బయట బెంచీ మీద బాబాయి కూలబడ్డాడు. ఓ వాదనలో ఓడిపోవాలని ఆయన జీవితంలో ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

"నా అనుమానం తప్పయితే ఎంత బాగుండేది" అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని పక్కన కూర్చుంది. "కాపురంలో మొదటిసారి నాతో వాదించి నెగ్గారు. ఆ మొహం ఏమిటి?"

ఆయన ఫలితం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆవిడే మళ్ళీ అడిగింది.

"మందు ఎక్కించడానికి ఎన్నిసార్లు గుచ్చుతారట?"

"ఆరుసార్లట."

"మీ లెక్కకు రెట్టింపు" అంటూ ఆవిడ ఆయన అరచేతిలో తన చెయ్యి పెట్టింది. "ప్రతిసారీ పక్కనే ఉండి లెక్కపెట్టండి. ఒక్కటి ఎక్కువైనా ఊరుకోను."