చీటీలో రాసినంతే

పలకల ఫ్యాక్టరీలో పొద్దంతా పెట్టెలు సర్ది ఇంటికొచ్చి, ఫోన్‌లో మెడికల్ కోడింగ్ క్లాసు పెట్టాను. కళ్లు మూతలు పడుతున్నాయి.

"ప్రతి జబ్బుకూ ఒక నంబరుంటుంది. డాక్టరు రాసినదానికే నంబరు వేయాలి, మీకు తెలిసినదానికి కాదు," అని మేడమ్ పదోసారి చెప్పింది.

ప్రాక్టీసు కోసం నాయన ఆసుపత్రి చీటీలు ముందేసుకున్నాను. మార్కాపురంలో ముప్పై ఏళ్లు పలకలు కోసిన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బుకు వేరే నంబరే ఉంది. కానీ ఏడు చీటీల్లోనూ ఒకటే మాట: దగ్గు. ఏం పని చేసేవాడివని ఒక్క మహానుభావుడూ అడగలేదు.

"ఏందమ్మా, ఇంతసేపు? నా జబ్బు నంబరు దొరకలేదా?" అన్నాడు నాయన, ఆయాసపడుతూ.

"దొరికింది నాయనా," అని దగ్గు నంబరే వేశాను.