మొదటి పల్లం

బ్రేకు నూనె పోసిన గాజు గ్లాసులోంచి రబ్బరు వాషరును పట్టకారుతో పైకి తీసి, ఎలీసియో వంటింటి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. రాత్రి వేసినప్పటి కొలత లేదు. నానిన శనగగింజలా ఉబ్బి, అంచులు మెత్తబడ్డాయి. ఇది సిలిండర్లో బిగుసుకుపోతే? సగం పల్లంలో బిగుసుకుపోతే?

"పొద్దున్నే దాని మొహం చూస్తూ కూచున్నావా? కాఫీ చల్లారిపోతోంది," అంది అతని భార్య సొరాయిదా.

"చూడవే, ఊరగాయలా ఊరింది."

"అయితే పారెయ్. ఇంకా భయమెందుకు?"

"పారేస్తా సరే, మిగిలిన రెండు సిలిండర్లలో ఏది పెట్టాలో తేలద్దూ?"

ఎలీసియో బ్రేకుల మేస్త్రి. ఇంజన్ల జోలికి పోడు, గేర్ల జోలికి పోడు. పేటలో అందరూ 'పిరికి ఎలీసియో' అని నవ్వుతారు, నవ్వి అతని దగ్గరికే బండి తెస్తారు. మీసాలు సరిగా రాని వయసులో ఒక పొద్దున రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి ఉండగా, బ్రేకులు పోయిన లారీ ఒకటి పల్లం దిగివచ్చి అతని ముందున్నవాళ్లను ఊడ్చుకుపోయింది. చావుతప్పిన అతను ఆనాటినుంచి పల్లం కనిపిస్తే చాలు, గోడవారగా ఒదిగి నడుస్తాడు. హవానాలో ఎన్ని చదును పేటలు లేవు! ఇతను మాత్రం ఎత్తుపల్లాల లాటన్ పేట వదల్లేదు. పులికి జడిసినవాడు బోను తాళం తనే వేస్తానన్నట్టు, పోయి పోయి బ్రేకుల పనిలోనే చేరాడు.

పేటలోని డ్రైవరు ఒస్మానీ షెవ్రొలే కారు నిన్నటినుంచి వాకిట్లో నాలుగు దిమ్మల మీద ఉంది. తాత కొన్న బండి అది. ఇప్పుడు దానిమీద మనిషికింత అని తీసుకుని జనాన్ని ఎక్కించుకు తిరుగుతాడు. పక్కసీటులో తన ఆరేళ్ల కూతురు మైతే. తల్లి ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్లకు ఆ సీటే ఇల్లు. ఆ కాలపు బండికి నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు సిలిండర్ ఒక్కటే. అది తప్పితే నాలుగూ తప్పినట్టే. చేతిబ్రేకు సంగతి దేవుడికే తెలియాలి.

పాతగుడ్డ మీద మూడు సిలిండర్లు పరిచి ఉన్నాయి. బండితో పుట్టిన అసలుది ఒకటి. అలాంటిదాన్నే లేతు మేస్త్రి ముసలి బెనిల్దో లోపల ఇత్తడి తొడుగు వేసి బాగుచేసింది ఇంకొకటి. మయామీ నుంచి ఎవరిదో సూట్‌కేసులో వచ్చిన కొత్త నకలు మూడోది. తళతళలాడుతోంది, దాని రబ్బరే గ్లాసులో ఉబ్బింది. అసలైన బ్రేకు నూనె దొరికే రోజులా ఇవి? ఆముదం, స్పిరిట్, ఇంకా ఏవేవో కలిపి ఒక్కో మేస్త్రి ఒక్కో కషాయం కాస్తాడు. ఆ కషాయానికి పేటలోనే అచ్చుపోసిన రబ్బరు ఆగుతుంది, పైదేశం నుంచి వచ్చింది ఆగదు. పేట రబ్బరేమో నకలులో కూర్చోదు, కొలత తేడా.

"అసలుదే పెట్టు బాబాయ్," అన్నాడు ఒస్మానీ వస్తూనే. "ఆదివారం పాతకార్ల సంఘంవాళ్లు వస్తున్నారు. అన్నీ అసలువైతేనే గుర్తింపు బిళ్ల ఇస్తారు. బిళ్ల ఉంటే టూరిస్టుల్ని తిప్పుకోవచ్చు, ఈ గతుకుల్లో జనాన్ని కుక్కుకోనక్కర్లేదు."

"వేలు పెట్టి చూడు."

ఒస్మానీ అసలుదానిలోకి వేలు పోనిచ్చాడు. గోరు గరగరమంది.

"గుంటలు," అన్నాడు ఎలీసియో. "తుప్పు తినేసింది. రబ్బరును రోజూ కాస్త కాస్త కొరుకుతుంది. ఏ రోజు తెగుతుందో అది నీకు చెప్పదు."

"ఇన్నేళ్లు ఆగింది కదా!"

"నేనూ ఇన్నేళ్లు బతికాను. రేపు బతుకుతానని రాసిస్తావా?"

"పోనీ ఆ ఇత్తడిది? బెనిల్దో చేతులు చూశావా, కాఫీ కప్పు తిన్నగా పట్టుకోలేడు. ఆయన వేసిన తొడుగును నమ్మమంటావా?"

ఎలీసియో భయమూ అదే. లేతు పట్టడంలో బెనిల్దోను మించినవాడు లేడు, కానీ అది చేతులు వణకని రోజుల్లో. ఎలీసియో గోరుతో ఇత్తడిని తడిమాడు. నున్నగా ఉంది. మళ్లీ తడిమాడు. ఎండలో పెట్టి, నీడలో పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. సొరాయిదా తెచ్చిపెట్టిన నల్లచిక్కుళ్ల అన్నం పళ్లెంలో ఎండిపోయింది. ఎడమచెయ్యి మొద్దుబారితే పానా పట్టుకున్నందుకేననుకున్నాడు.

చివరికి ఇత్తడిదే బిగించాడు.

"బిళ్ల పోయినట్టే," అన్నాడు ఒస్మానీ. "పిరికితనంలో నీ తర్వాతే ఎవరైనా."

"బిళ్ల పోతే బిళ్లే పోతుందిరా."

ఒస్మానీని పెడలు తొక్కిపట్టమన్నాడు. సిగరెట్టు ఒకటి పూర్తిగా కాలింది, పెడలు వెంట్రుకవాసి కూడా దిగలేదు. అయినా ఎలీసియోకు నమ్మకం కుదరలేదు. బండి కింద పడుకుని ప్రతి అతుకునూ వేలితో తుడిచి, వేలును వాసన చూశాడు. తడి లేదు. బెనిల్దో చెయ్యి ఎక్కడ వణికిందో కనిపిస్తే బాగుండుననిపించింది. కనిపించే తప్పును దిద్దవచ్చు.

లాటన్‌లో ఒక ఆనవాయితీ ఉంది. బ్రేకు బిగించినవాడే పక్కసీటులో కూర్చుని మొదటి పల్లం దిగాలి. అతను దిగి వచ్చేదాకా బండిలో మూడోమనిషి ఎక్కకూడదు. తండ్రితో వచ్చి, ఎక్కుతానని మారాం చేస్తున్న మైతేను సొరాయిదా నడుం పట్టి ఆపింది.

"ఈసారికి వాణ్నొక్కణ్నే పంపించు," అంది మొగుడితో. "నీ మొహంలో నెత్తురుచుక్క లేదు."

"ఎప్పుడుందని?" అని ఎలీసియో ఎక్కి కూర్చున్నాడు.

వీధి మలుపు తిరగ్గానే పల్లం నోరు తెరిచింది. అడుగున పాల కొట్టు దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఒస్మానీ కావాలనే వేగం పెంచాడు, పరీక్షంటే పరీక్షే. ఎలీసియో ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఉన్న బలమంతా కుడికాలిలోకి తెచ్చి, పెడలు లేని నేలను తొక్కాడు. ఏ బండి ఎక్కినా అతనంతే. తొడుగు జరిగితే? అతుకు విడిపోతే? వరసలోని మనుషుల మొహాలు పెద్దవవుతున్నాయి. ఒకావిడ తల తిప్పి చూసింది.

"తొక్కు!" అన్నాడు.

ఒస్మానీ తొక్కాడు. బండి ముక్కు వంచి, నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టి, గీత గీసినట్టు ఆగింది. వరసకు ఇంకా చాలా దూరం ఉంది.

"చూశావా బాబాయ్! గోడలా నిలబడింది!" ఒస్మానీ స్టీరింగును చరిచాడు. "బెనిల్దోకు రమ్ము సీసా ఇవ్వాల్సిందే. ఇప్పుడైనా ఊపిరి తీసుకో. బాబాయ్?"

ఎలీసియో పాల కొట్టు వైపే చూస్తున్నాడు. రెప్ప వాల్చలేదు, ఊపిరీ తీసుకోలేదు.

వరసలోని మగవాళ్లు వచ్చి అతణ్ని జాగ్రత్తగా దించి, ఎత్తు మీదున్న ఇంటికి చేతులమీదే మోసుకుపోయారు. ఒస్మానీ చక్రాల కింద రాళ్లు పెట్టి వాళ్ల వెనక నడిచాడు.

చీకటి పడేముందు అతను బండికోసం తిరిగి వచ్చాడు. పక్క తలుపు తెరిచే ఉంది. ఎలీసియోను దించేటప్పుడు ఊడిపోయిన కుడికాలి బూటు లోపలే ఉండిపోయింది. అడుగు ముందువైపు పలచగా అరిగిన ఆ బూటు, మడమ పైకెత్తి, కాళ్ల ముందున్న రేకుకు గట్టిగా ఆనుకుని ఉంది.