రెండు మీటర్ల గోదావరి

ధర్మపురి రేవులో సైరన్ పెట్టి ఆరు రోజులైంది. పైన ప్రాజెక్టు గేట్లెత్తి నీళ్ళు వదిలితే అది దానంతటదే మోగాలి, స్నానాలు చేసేవాళ్ళు గట్టెక్కాలి. దాని ప్రోగ్రామ్ రాసింది కరీంనగర్‌లో పనిచేసే నవనీత. మొదటిరోజు బటన్ నొక్కితే ఊరంతా దద్దరిల్లేలా మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు. బటన్ నొక్కితే ఏ సైరనైనా మోగుతుందని ఒక్కరికీ తోచలేదు, నవనీతతో సహా.

ఆదివారం తల్లి కొమురవ్వను వెంటబెట్టుకుని రేవుకు వచ్చింది. కొమురవ్వది పాత అలవాటు: నీళ్ళంచు మెట్టు మీద ఇత్తడి చెంబు పెట్టిగానీ దిగదు. చెంబు కదిలితే నది పెరుగుతున్నట్టు. నలభై ఏళ్ళుగా అదే ఆమె కాపలా. ఆ రోజు మాత్రం, బిడ్డ పెట్టిన సైరన్ ఉండగా చెంబెందుకని సంచిలోనే వదిలేసి దిగింది.

నవనీత పై మెట్ల మీద కూర్చుని సైరన్ స్తంభానికున్న డిజిటల్ బోర్డు చూసింది. నీటిమట్టం రెండు మీటర్లు. కాసేపు ఫోన్లో మాట్లాడి మళ్ళీ చూసింది. రెండు మీటర్లే. కింద తాను చెప్పులు విడిచిన మెట్టు మాత్రం కనబడలేదు. చెప్పులూ లేవు.

నవనీత చటుక్కున లేచింది. ఆ రెండును తన చేత్తో తానే రాసింది. నీటిమట్టం కొలిచే సెన్సర్ చేతికి రాకముందు, పరీక్ష కోసం, ఎప్పుడడిగినా రెండని చెప్పే ఉత్తుత్తి ఫైలొకటి చేసుకుంది. సెన్సర్ కంపెనీ ఇచ్చిన కోడ్ లైబ్రరీలోనూ అదే పేరుతో, నీటిని నిజంగా కొలిచే అసలు ఫంక్షన్ ఉంది. ప్రోగ్రామ్ ముక్కలన్నిటినీ అతికే లింకర్ మాత్రం, పిలిచిన పేరుకు ఇంట్లోవాళ్ళు పలికితే బయటివాళ్ళను అడగదు. ఉత్తుత్తి ఫైలును తీసేయడం ఆమె మరిచింది, లింకర్ కిక్కురుమనకుండా దాన్నే అతికేసింది. ఆరు రోజులుగా ఆ బోర్డుగానీ సైరన్‌గానీ గోదావరి ముఖమే చూడలేదు.

"అవ్వా, బయటికి రా. నీళ్ళు పెరుగుతున్నయ్."

నడుము లోతులో ఉన్న కొమురవ్వ తీరిగ్గా బోర్డు వైపు చూసింది. "ఏడ పెరిగినయ్ బిడ్డా? నీ సైరన్ మోగలే గద."

తల్లి తన నడుమును తాకుతున్న నీళ్ళను నమ్మడం లేదు, కూతురిని నమ్ముతోంది. నవనీత దూకి, తల్లి రెక్క పట్టుకుని మెట్ల మీదికి లాగింది. ఇంకా పదిమంది నీళ్ళలోనే ఉన్నారు. సైరన్ బటన్ పెట్టెకు తాళం, తాళంచెవి మూసిన ఆఫీసులో.

"గా బోర్డు అబద్ధం చెప్తుంది. తప్పు నాదే, నేనే రాసిన," అని అరిచింది. వాళ్ళు ఆమెను చూశారు, బోర్డును చూశారు, కదల్లేదు.

కొమురవ్వ సంచి విప్పి, చెంబు తీసి నీళ్ళంచు మెట్టు మీద పెట్టింది. అందరూ చూస్తుండగానే అది తేలి, ఒరిగి, నది నడిమికి కొట్టుకుపోయింది. అప్పుడు లేచారు జనం, ఒకరినొకరు తోసుకుంటూ.

చివరి మనిషి గట్టెక్కేసరికి అంతకుముందు నవనీత కూర్చున్న చోటు మునిగింది. బోర్డు మీద ఇంకా రెండు మీటర్లే ఉంది.