రోదసి నావలో నీళ్ల దొంగ

పేపరులో తన పేరు చూసుకుని కామాక్షి భయపడటం అదే మొదటిసారి. రెండు వేల పది జనవరి నెలాఖరు. ప్రత్యేక రాష్ట్రం కోసం తార్నాకలో వరసగా బంద్‌లు నడుస్తున్నాయి. బస్సు ఏ రోజు ఉంటుందో, ఏ రోజు ఉండదో తెలియదు. ఆ పొద్దున సినిమా పేజీలో ఒక మూల నాలుగు వాక్యాలు కనిపించాయి. ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టిన 'రోదసి నావ' సీరియల్‌ను ఒక ప్రైవేటు చానెల్ మళ్లీ కొత్తగా తీస్తోందట. మూల రచయిత్రి, యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ కామాక్షి. వేరే ప్రాంతం నుంచి వచ్చిన తన పేరు ఇలాంటప్పుడు నలుగురి నోటా పడటమే ఆమె భయం.

ఆ సీరియల్ పుట్టింది యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులోనే. పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ఉన్నది ఒక్కటే చానెల్. పిల్లలకు సైన్సు పాఠాలు రాసివ్వమని అడిగితే, తణుకు నుంచి వచ్చి ఉద్యోగంలో కుదురుకుంటున్న కామాక్షి ఏకంగా ఒక అంతరిక్ష నౌకనే రాసిచ్చింది. థర్మోకోల్‌తో నౌక చేశారు. ల్యాబులో మూలపడిన మీటర్లూ డయల్సూ పేర్చి దాని లోపలి గది కట్టారు. పదమూడు వారాలనుకున్నది నలభై వారాలు నడిచింది. తర్వాత ఒక వారపత్రికలో బొమ్మల కథగా వచ్చింది. ఐదేళ్ల తర్వాత రెండో భాగం తీశారు కానీ కెప్టెన్ వేషం వేసినాయన మారిపోవడంతో జనం మొహం తిప్పుకున్నారు. పదకొండో వారానికే అది ఆగిపోయింది. టేపులు చెరిగిపోయాయి. మిగిలినవల్లా అభిమానుల ఇళ్లలో నాలుగైదు వీడియో క్యాసెట్లు, డిపార్టుమెంటులో కామాక్షి బీరువాలో స్క్రిప్టులు.

ఆ కథలో దొంగలు ధూమ్రులు. గ్రహాలు తిరిగి నీళ్లు ఎత్తుకుపోతుంటారు. వాళ్ల నాయకుడి వేషానికి ల్యాబు అటెండరు రాజలింగును తీసుకున్నారు. ఎత్తైన మనిషి, గంభీరమైన గొంతు. అతను మాట్లాడే తీరు కామాక్షికి తమాషాగా అనిపించేది. అతని మాటలే ఏరి ధూమ్రులందరి నోటా పెట్టింది. కెప్టెన్‌దీ, శాస్త్రవేత్తదీ మాత్రం తన ఊరి భాష. "మీ చెర్వులల్ల నీళ్లు మస్తుగున్నయ్. ఇగ గవి మావి" అని రాజలింగు కళ్లెర్రజేస్తే రాష్ట్రమంతా నవ్వింది. కామాక్షి కూడా నవ్వింది. అందులో తప్పేముందో ఆమెకు ఇరవై మూడేళ్లపాటు తట్టలేదు.

వారం తిరక్కుండానే అదే పేపరులో ఒక ఉత్తరం వచ్చింది. రాసినవారు యూనివర్సిటీ విద్యార్థులు. 'మా నీళ్లు తీస్కపోయినోళ్లే మమ్ముల నీళ్ల దొంగలని చూపెట్టిన్రు. ఇప్పుడు మల్ల చూపెడతరా?' అని అడిగారు. కామాక్షి రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే అవతల ఎవరో ఊపిరి తీసుకుని పెట్టేసేవారు. గేటుకున్న తన పేరు పలకను ఆమె తీసి లోపల పెట్టింది. కూరగాయల బండి దగ్గర నోరు విప్పితే యాస పట్టేస్తారని, కావలసినవి వేలితో చూపించి తెచ్చుకునేది. బెంగుళూరులో ఉన్న భర్తకు చెప్తే సెలవు పెట్టి వచ్చేయమన్నాడు.

కొత్త సీరియల్ తీస్తున్న గంగాధర్ కర్నూలు మనిషి. అతను ఫోను చేసి, పాత స్క్రిప్టులు త్వరగా కావాలన్నాడు. ఆమె ఉత్తరం సంగతి ఎత్తింది. అతను నవ్వేసి, "దొంగలకు మా సీమ మాటలు పెడదాంలే మేడం. మాకు అలవాటే" అన్నాడు. ఆ నవ్వు విన్నాక ఆమెకు భయం ఇంకా పెరిగింది. బీరువా తెరిచి, ధూమ్రులున్న కాగితాలు అన్నీ ఇంటికి తెచ్చి చింపి పారేయాలని నిర్ణయించుకుంది. సాక్ష్యం లేకపోతే నేరం ఉండదన్న మాట ఎవరో చెవిలో చెప్పినట్టే ఉంది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే బయల్దేరింది. తార్నాక వైపు గేటు దగ్గర ముళ్లకంచెలు, వరుసగా వ్యాన్లు. గుర్తింపు కార్డు చూసి పోలీసాయన, ఇవాళ ఎందుకొచ్చారని విసుక్కుని వదిలాడు. ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ఆమె చెట్ల నీడన గోడ వారగా నడిచింది. డిపార్టుమెంటు తాళాలు రాజలింగు తీశాడు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, జుట్టు తెల్లబడింది. ఏంది మేడం ఇయ్యాల అని మాత్రం అడిగాడు.

ఆమె ల్యాబు బల్ల మీద కాగితాలు పరిచి ధూమ్రులవి వేరు చేస్తుండగా బయట టపటపమని పేలుళ్లు వినిపించాయి. కిటికీలోంచి పోలీసులు వదిలిన బాష్పవాయువు తెల్లటి పొగై దూసుకొచ్చింది. మెట్ల మీద పరుగులు. రాజలింగు తలుపు బార్లా తెరిచి, లోపలికి రమ్మని కేకేశాడు. ఆరుగురు పిల్లలు వచ్చిపడ్డారు. అతను తలుపు వేసి గడియ పెట్టాడు. కళ్లు మండి, గొంతు పట్టేసి, అందరూ ఒకటే దగ్గు. ఒక కుర్రాడి నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. కామాక్షి తన కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. భయం పొగ వల్ల కాదు. కాగితాలు బల్ల మీదే ఉన్నాయి.

వాళ్లలో ఒక అమ్మాయి నెత్తురు తుడవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని బల్ల మీద చేత్తో తడిమి, ఒక కాగితం ఎత్తి చూసింది. ఎర్రబడ్డ కళ్లు చిట్లించి చదివింది.

"గిది రోదసి నావనే గదా?" అంది ఆ అమ్మాయి. "ఎవరు రాసిన్రు గివన్ని?"

కామాక్షి నోరు తెరవలేకపోయింది. తలుపు అవతల పోలీసులు, ఇవతల ఈ పిల్లలు. తన పేరు చెబితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం కూడా లేదు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది.

రాజలింగు ముందుకు వచ్చి కాగితం నెమ్మదిగా తీసుకున్నాడు. "ఎవరో టీవీవోళ్లు రాసిన్రు బిడ్డా. ఆ దొంగ వేషం ఏసింది నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు" అన్నాడు.

ఆ అమ్మాయి తిట్టలేదు. చున్నీ అంచు చింపి, కుర్రాడి తలకు కట్టు కట్టింది. గంట తర్వాత బయట సద్దుమణిగాక వాళ్లు ఒక్కొక్కరే వెనక తలుపు గుండా వెళ్లిపోయారు.

కామాక్షి స్టూలు మీద కూలబడింది. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగింది.

"పోరలు మంచోళ్లే మేడం. ఇయ్యాల కండ్లు మండుతున్నయ్ వాళ్లకు" అన్నాడు రాజలింగు. చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టి, "నాకు కోపం లేదు. టీవీల కనబడ్డ, ఖుషీ అయిన. నా బిడ్డనడుగు" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆమె మౌలాలి వెళ్లింది. రాజలింగు కూతురు స్వరూప కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పని ఆపి కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంది. మీ నాన్న నిన్నడగమన్నాడని, ఆ దొంగ వేషం సంగతి అడగడానికే వచ్చానని కామాక్షి చెప్పలేక చెప్పింది. స్వరూప దారం తెంపి, బట్ట మడిచి, ఆ తర్వాతే తలెత్తింది.

"పదో తరగతి దాంక బడిల నా పేరెవ్వరు పిలవలే మేడం. నీళ్లదొంగ అనే పిలిచిన్రు. నాయినకు చెప్పలే. ఆయన ఖుషీగుండె" అంది.

క్షమించమని అడగబోతే స్వరూప చేయి అడ్డం పెట్టింది. చాయ్ చల్లారుతోందని మాత్రం అంది. కామాక్షి ఆ చాయ్ తాగింది.

ఇంటికొచ్చి, ల్యాబు నుంచి తెచ్చిన కాగితాలు చింపలేదు. కూర్చుని పేపరుకు ఒక ఉత్తరం రాసింది. 'ఆ మాటలు రాసింది నేనే, టీవీవాళ్లు కాదు. పక్కనే పనిచేసే మనిషి భాషను నవ్వులాటకు వాడుకున్నాను. ల్యాబులో నన్ను అడిగిన అమ్మాయికి ఆరోజు జవాబు చెప్పకపోవడానికి కారణం భయమే. కొత్త సీరియల్‌కు నా పేరు గానీ నా కథ గానీ ఇవ్వను.' కింద సంతకం పెట్టి, వీధి నంబరుతో సహా చిరునామా రాసింది. పోస్టు డబ్బాలో వేశాక, చేయి లోపలికి పోతే ఆ ఉత్తరాన్ని వెనక్కి లాగేసేదే.

అచ్చయిన రోజు నుంచి నాలుగు రోజులు ఆమె ఇంట్లో కిటికీలు తెరవలేదు. గేటు చప్పుడైతే వంటింట్లోకి పోయి నిలబడేది. ఎవరూ రాళ్లు వేయలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి. ఇప్పుడు తెలిసిందా అని ఇద్దరు ముగ్గురు తిట్టారు. భీమవరం నుంచి బంధువొకాయన, భయపడి మనవాళ్ల పరువు తీశావని అంతకంటే ఎక్కువగా తిట్టాడు. గంగాధర్ లాయరుతో మాట్లాడతానన్నాడు గానీ మాట్లాడలేదు. నౌక పేరూ గ్రహాల పేర్లూ మార్చి, దొంగల చేత గ్రాంథికం పలికించి, వేసవిలో తొమ్మిది వారాలు నడిపాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కోప్పడలేదు. చూసినవారూ లేరు.

ఉత్తరం అచ్చయిన నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తాలా వద్దా అని చాలాసేపు నిలబడి, చివరికి ఎత్తింది. స్వరూప.

"పేపర్ల సదివిన మేడం" అంది. మిషను చప్పుడు ఆగింది. "నాయినకు సదివి వినిపించిన. మల్లొక్కసారి సదువుమన్నడు."